మంద వెంట మందు

మా అమ్మమ్మగారి వూరు మండవల్లి. గుడివాడలో భీమవరం బండి ఎక్కితే కైకలూరు రాకముందే దిగిపోవాలి. అప్పట్లో అది కృష్ణాజిల్లా. 2022 నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. నాకు మాత్రం మండవల్లి అంటే జిల్లా గుర్తుకు రాదు, లచ్చిమి గుర్తుకొస్తుంది.

లచ్చిమి అంటే మా అమ్మమ్మ గేదె. సెలవులకు వెళ్ళినప్పుడల్లా మమ్మల్ని అందరికంటే ముందు చూసేది అదే. చావిట్లోంచి మెడ చాచి, ముక్కుపుటాలు ఎగరేసి, "వచ్చారూ?" అన్నట్టు ఒక్క అరుపు అరిచేది. తర్వాతే అమ్మమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. ఆ ఇంట్లో పాలు, పెరుగు, నెయ్యి, మా పిల్లల పుస్తకాల ఖర్చు, అమ్మమ్మ చీటీ డబ్బు అన్నీ లచ్చిమి పొదుగులోంచే వచ్చేవి. తాతయ్య పేర పొలం వుండేది. అమ్మమ్మ పేర వున్నది మాత్రం ఆ గేదె ఒక్కటే.

ఎనభైల చివర ఒక ఆషాఢంలో, తొలకరి పడిన వారానికి, లచ్చిమి మేత ముట్టలేదు. సాయంత్రానికి గొంతు కింద వాచింది. రాత్రికి గురక పెట్టడం మొదలుపెట్టింది. తాతయ్య పాలేరును పశువుల డాక్టరుగారి కోసం పంపాడు. ఆయన పొద్దున్నే పడవెక్కి ఏదో లంకలోకి వెళ్ళారట, ఇంకా రాలేదు. వూళ్ళో నాటువైద్యం తెలిసిన ముసలాయన వచ్చి, వెదురుగొట్టంతో ఏదో కషాయం పోశాడు. వాత పెట్టబోతే అమ్మమ్మ పెట్టనివ్వలేదు. తెల్లవారుజామున లచ్చిమి పోయింది.

డాక్టరుగారు మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. పాపం, ఆయన తప్పేమీ లేదు. గొంతువాపు అనే ఆ రోగం ఒక్క రోజులో పశువును తీసుకుపోతుంది. "వానలకు ముందే సూది వేయించి వుంటే దక్కేదమ్మా" అన్నారు. అమ్మమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఆ రోజు తను మాత్రం అన్నం తినలేదు.

ఇన్నేళ్ళయినా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. మందు వుంది. వైద్యుడూ వున్నాడు. పిలిచేవాళ్ళున్నారు, ఇవ్వడానికి డబ్బూ వుంది. లేనిది గేదె ఒక్కటే. మరి మధ్యలో ఏది తెగింది?

ఒక ఇల్లూ ఒక చావిడీ వున్న మా అమ్మమ్మకే అలా జరిగితే, ఇల్లే లేకుండా మంద వెంట తిరిగేవాళ్ళ సంగతేమిటి? కోతలయ్యాక మా డెల్టాకు గొర్రెల మందలు దిగుతాయి. పల్నాటి నుంచి, ప్రకాశం నుంచి, నల్లగొండ, ఖమ్మం వైపు నుంచి కూడా వస్తాయి. రైతు తన పొలంలో మంద కట్టించుకుంటాడు, ఎరువు కోసం. కాపరికి గింజలో, డబ్బులో ముట్టజెబుతాడు. నాలుగు రాత్రులు ఒక చేలో, ఐదో రాత్రి ఇంకో చేలో. ఇలాంటివాళ్ళకు ఆస్పత్రి ఏ వూళ్ళో కట్టాలి?

ఇది కొత్త చిక్కు కాదు. భారతం చదివినవాళ్ళకు సహదేవుడు గుర్తుండే వుంటాడు. విరాటరాజు కొలువులో తంత్రీపాలుడనే పేరుతో పశువుల్ని కాచాడు. తన చేతికింద ఆవులకు రోగం రాదనీ, మందలు పెరుగుతాయనీ రాజుకు చెప్పుకున్నాడు. మనం ఆ సంగతి అజ్ఞాతవాసపు కథగా చదివి వదిలేస్తాం. నాకు మాత్రం అందులో ఒక లోకజ్ఞానం కనిపిస్తుంది. పశువైద్యుడు కొలువులో కూర్చోలేదు, మందలో వున్నాడు. కాపరీ వైద్యుడూ ఒక్కడే.

మన గొల్లల కథల్లో పెద్దది కాటమరాజు కథ. కరువొస్తే ఆవుల్ని తోలుకుని నెల్లూరు సీమకు వెళతాడు కాటమరాజు. అక్కడి నల్లసిద్ధిరాజుతో పుల్లరి ఒప్పందం చేసుకుంటాడు. అంటే పశువులు మేసినందుకు కట్టే పన్ను. ఆ ఒప్పందం చెడి పాలేటి ఒడ్డున యుద్ధం జరుగుతుంది. కథను వీరగాథగా పాడుకుంటారు గానీ, గొడవంతా గడ్డి దగ్గర మొదలైంది. పశువు ఆరోగ్యంలో మొదటి మందు గడ్డే కదా! కడుపు నిండని పశువుకు ఏ రోగమైనా చుట్టమే.

ఆ గడ్డి సంగతి మన డెల్టాలో ఎలా మారిందో చూడండి. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. మనకు అన్నం పెట్టిన ఆనకట్టలవి, కాదనడానికి నోరు రాదు. కానీ నీళ్ళు పారిన ప్రతి బీడూ వరి చేనయింది. అప్పటిదాకా ఆ బీళ్ళలో మేసిన మందలు ఎటు పోవాలి? 1871లో పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. చేలో పడ్డ పశువును తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టడం, అపరాధం కడితేనే వదలడం. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చి కొండగడ్డికీ కాపలా పెట్టింది. 1921-22లో పల్నాటి రైతులు పుల్లరి కట్టబోమని తిరగబడ్డారు. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు. ఆరేడు వందల ఏళ్ళ తర్వాత కూడా గొడవ అదే గడ్డి దగ్గర.

మేత తగ్గిన పశువు మీద పడిన రోగాల్లో అన్నిటికంటే పెద్దది ముసర. పెద్దరోగమనీ అనేవారు. నోరు పుండ్లై, కళ్ళ వెంట నీళ్ళు కారి, పారుకుని పారుకుని పశువు చచ్చేది. ఒక్క కొట్టంలో వస్తే వూరంతా ఖాళీ. గ్రామదేవతకు మొక్కి పొలిమేర కట్టేవారు. బయటి పశువును వూళ్ళోకి రానిచ్చేవారు కాదు. చదువుకున్నవాళ్ళం మూఢనమ్మకమని నవ్వుతాం. కానీ పశువుల రాకపోకలు ఆపడమన్నది నేటికీ ఏ పశువైద్యుడైనా మొదట చెప్పే మాటే. ఆ కట్టుబాటులో సగం భక్తి అయితే సగం బుద్ధి.

తెల్లదొరల ప్రభుత్వానికి ముసర సంగతి ఎద్దుల బళ్ళ వల్ల, సైన్యపు పశువుల వల్ల తెలిసింది. 1871లో పశువుల తెగులు మీద విచారణ సంఘం నివేదిక వచ్చింది. 1889లో పూనాలో ఒక ప్రయోగశాల పెట్టి, 1893లో దాన్ని హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మార్చారు. అక్కడే 1920ల్లో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రోగపు వైరస్‌ను మేకల్లో పెంచి, బలం తగ్గించి, టీకా తయారుచేశాడు. స్వతంత్రం వచ్చాక 1954లో దేశమంతటా ముసర నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1995 తర్వాత మన దేశంలో ఆ రోగం కనిపించలేదు. 2006లో మనకు విముక్తి పత్రం వచ్చింది. 2011లో ప్రపంచమంతటా ముసర పోయిందని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత భూమ్మీద లేకుండా చేసిన రోగం ఇదొక్కటే. మన పిల్లలకు దాని పేరు కూడా తెలియదు. అంతకంటే పెద్ద విజయం ఏముంటుంది?

ఈ కథలో చివరి అంకం మాత్రం ముక్తేశ్వర్‌లో జరగలేదు, ఆఫ్రికా ఎడారుల్లో జరిగింది. 1880ల చివర ఇటలీ సైన్యం కోసం మన దేశం నుంచి తీసుకెళ్ళిన పశువుల వెంటే ముసర ఆ ఖండంలో వ్యాపించిందని చరిత్రకారులు చెబుతారు. ఇథియోపియాలో పశువులు పోయాయి, వాటి వెనక దుక్కి పోయింది, తర్వాత కరువొచ్చి మనుషులు పోయారు. వందేళ్ళ తర్వాత, ఎన్ని టీకాలు వేసినా రోగం దాక్కున్న చోట్లు కొన్ని మిగిలాయి. అవన్నీ సంచారపు కాపరుల సీమలు. రోడ్డు లేదు, కరెంటు లేదు, పైగా కొన్నిచోట్ల యుద్ధం. టీకా మందేమో మంచుపెట్టెలో వుండకపోతే చచ్చిపోతుంది. డాక్టరు జీపు వెళ్ళేసరికి మంద వేరే వాగు దాటి వుంటుంది.

అప్పుడు రెండు పనులు చేశారు. జెఫ్రీ మారినర్ అనే పశువైద్యుడూ ఆయన తోటివాళ్ళూ ఎండకు తట్టుకునే టీకా తయారుచేశారు. మంచుపెట్టె లేకుండా దాదాపు నెల రోజులు నిలిచేది. రెండో పని ఇంకా ముఖ్యం. ఆ టీకాను కాపరుల చేతికే ఇచ్చారు. మందవాళ్ళు తామే ఎంచుకున్న మనిషికి కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, సూది పట్టుకోవడం నేర్పారు. 1993 నుంచి దక్షిణ సూడాన్‌లో, 1994లో ఇథియోపియాలోని అఫార్ సీమలో ఇలాగే జరిగింది. ఇథియోపియాలో ముసర చివరిసారి కనిపించింది 1995లో. పెద్ద పెద్ద చదువులు ఆగిపోయిన చోట, అక్షరం రాని కాపరి నాలుగడుగులు ముందుకు నడిచాడన్నమాట.

సరే, మన కొల్లేటికి వద్దాం. మండవల్లి మండలంలో పెనుమాకలంక, నందిగామలంక లాంటి వూళ్ళున్నాయి. పేర్లలోనే లంకలున్నాయి. నా చిన్నప్పుడు అక్కడికి పడవే దారి. సరస్సులో కిక్కిస, గడ్డి మేసి గేదెలు మెడలోతు నీళ్ళలో పడుకునేవి. ఆ నీళ్ళలో నత్తలుంటాయి. ఆ నత్తల్లో పెరిగిన పిల్లపురుగులు గడ్డికి అంటుకుని పశువు కడుపులోకి పోయి కార్జంలో జలగలవుతాయి. దవడ కింద నీరు దిగి, గేదె ఎండిపోతుంది. చుక్కల మందో బిళ్ళో వేళకు పడితే తగ్గే రోగమే. వేళకు ఎవరు వేస్తారన్నదే మళ్ళీ ప్రశ్న.

తర్వాత కొల్లేరే మారిపోయింది. 1970ల చివర చేపల చెరువులు మొదలయ్యాయి. 1990లు వచ్చేసరికి ఎటు చూసినా గట్లే. గేదెలు మేసే గట్టు వెంట చేపల మేత బస్తాలు. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం వున్న చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. ఈ పోట్లాటలో పక్షి తరఫున మాట్లాడినవాళ్ళున్నారు, చేప తరఫున మాట్లాడినవాళ్ళున్నారు. గేదె తరఫున ఎవరు మాట్లాడారో నాకు గుర్తులేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్ళు చివరికి కొల్లేటికే చేరి లంకల్ని చుట్టుముట్టాయి. అలాంటప్పుడు జీపు ఎలా వెళుతుంది? లంకలో వున్న మనిషే లంకలోని పశువుకు దిక్కు.

అయితే సూది ఎవరి చేతిలో వుండాలి? చట్టం 1984లో ఒక మాట చెప్పింది. రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చేయాలి. శిక్షణ పొందిన సహాయకులు చిన్న చిన్న సేవలు చేయొచ్చు గానీ, వైద్యుడి పర్యవేక్షణలో చేయాలి. ఇది అన్యాయపు చట్టమని నేను అనను. తెలిసీ తెలియని చేతిలో మందు ఏం చేస్తుందో మనం చూశాం. డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు పశువులకు విచ్చలవిడిగా వేశారు. ఆ పశువుల కళేబరాలు తిని మన రాబందులు మందలు మందలుగా చచ్చాయి. 2004లో కారణం తేలి, 2006లో ఆ మందును పశువులకు నిషేధించేసరికి ఆకాశం ఖాళీ అయిపోయింది. ఆ మందు వేసినవాళ్ళలో చదువుకున్న డాక్టర్లూ వున్నారనుకోండి! సగం మోతాదు వేసి ఆపేసిన సూదుల వల్ల మందులకు లొంగని రోగాలు పుడతాయన్న భయమూ నిజమే.

ఉమ్మడి రాష్ట్రంలో 2000 ప్రాంతంలో గోపాలమిత్రలొచ్చారు. వూరి కుర్రాళ్ళకే శిక్షణ ఇచ్చి, సైకిలు మీదో మోటారుసైకిలు మీదో ఇంటింటికీ పంపారు. ముఖ్యమైన పని ఆవులకూ గేదెలకూ ఎద సూదులు వేయడం. మేలుజాతి దూడలు పుట్టాయి, పాలకేంద్రాలు నిండాయి. మంచిదే. కానీ గమనించారా? గొర్రెకు ఆ సూదితో పని లేదు. పాలు పోసే ఇంటి గుమ్మం దాకా వచ్చిన సేవ, పొలంలో పడుకున్న మంద దాకా రావడానికి కారణం కనపడలేదు. 2022 మే నెలలో మన రాష్ట్రంలో సంచార పశువైద్యశాలల బళ్ళొచ్చాయి. 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది. మంద వెంట మందు వెళ్ళాలన్న ఆలోచన ప్రభుత్వానికీ వచ్చిందంటే సంతోషించాలి.

ఇంకో సంగతి ఆడదాన్ని గనక చెప్పకుండా వుండలేను. 1992లో మహిళా పశువైద్యులు సాగరి రాందాస్, నిత్యా ఘోట్గే కలిసి ఆంత్ర అనే సంస్థ పెట్టారు. తెలంగాణలో దక్కని గొర్రెల కాపరులతో పనిచేశారు. పశువుల పని సింహభాగం ఆడవాళ్ళు చేస్తుంటే శిక్షణకు మాత్రం మగవాళ్ళనే పిలుస్తున్నారని వాళ్ళు గుర్తించారు. ఆడవాళ్ళకు పశువైద్యం నేర్పారు, వాళ్ళకు తెలిసిన ఆకులూ పసర్లూ రాసిపెట్టారు. పొదుగు మీద మొదటి వేడి ఎవరి చేతికి తగులుతుంది? పాలు పితికే చేతికే కదా. లచ్చిమి మేత ముట్టలేదని మా ఇంట్లో మొదట కనిపెట్టింది అమ్మమ్మే. డాక్టరు కోసం మనిషిని పంపే అధికారం మాత్రం తాతయ్యది. ఆయన పొలం నుంచి వచ్చేదాకా ఒక పూట గడిచిపోయింది. తెగింది ఎక్కడని అడిగాను కదా, ఒక పోగు అక్కడ తెగింది.

ఇలాంటి సేవ బాగుందో లేదో తేల్చడం ఎలా? కాగితం మీద అయితే ఎన్ని టీకాలు, ఎన్ని శిబిరాలు అని లెక్కేస్తారు. ఆఫ్రికాలో పనిచేసినవాళ్ళు ఇంకో దారి కనిపెట్టారు. కాపరి ముందు గుప్పెడు రాళ్ళు పోసి, నేల మీద సున్నాలు గీసి, నువ్వే పంచు అంటారు. అక్షరాలు రాకపోయినా లెక్క తప్పదు. అడిగేవి ఐదు. సేవ దగ్గర్లో వుందా? వేళకు దొరుకుతుందా? ఖర్చు భరించగలవా? ఆ మనిషి మీద నమ్మకముందా? పని గట్టిదేనా?

నిరుడు సంక్రాంతి వెళ్ళాక మండవల్లి వెళితే, రోడ్డు పక్క చేలో పల్నాటి మంద ఒకటి కనిపించింది. కాపరి భార్య గొర్రెపిల్లకు తల్లి పాలు పట్టిస్తోంది. వయసులో నాకంటే పెద్దది. అక్కా అని పలకరించి గట్టు మీద కూర్చున్నాను. సంచిలో వేరుశనక్కాయలున్నాయి. ఇరవై లెక్కపెట్టి, మట్టిలో మూడు సున్నాలు గీశాను. ఒకటి ఆస్పత్రి, ఒకటి మందుల షాపు, ఒకటి మందలో తెలిసిన మనిషి. "నిరుడంతా జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి పోయారో పంచక్కా" అన్నాను.

ఆమె నవ్వి, ఆలోచించి, పన్నెండు కాయలు మందలో మనిషి దగ్గర పెట్టింది. షాపు దగ్గర ఐదు, ఆస్పత్రి దగ్గర మూడు.

"ఇప్పుడు ఎవరి మందు సరైనదని నీ నమ్మకమో అట్లా పంచు" అన్నాను. కాయలన్నీ చేత్తో పోగేసి, పన్నెండు ఆస్పత్రి సున్నాలో పెట్టింది.

"అదేందక్కా, నమ్మకం డాక్టరు మీద పెట్టి మందు మీవాడి దగ్గర వేయిస్తావు?" అన్నాను.

"డాక్టరు తెలిసినోడమ్మా. మావోడు పక్కనున్నోడు. చిటుకురోగం వచ్చిన గొర్రె రెండు గంటలు ఆగదు. తెలిసినోడు పక్కనుంటే మాకు ఈ కాయల లెక్కెందుకు?" అంది. అని, ఒక వేరుశనక్కాయ వలిచి నోట్లో వేసుకుంది.

నేను ఇంత దూరం తిప్పి తిప్పి చెప్పింది ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. తెలిసినవాడు పక్కన లేడు, పక్కనున్నవాడికి తెలియదు. ఈ రెంటినీ కలిపితే అదే సేవ. మందలో మనిషికి నేర్పాలి. అతని వెనక ఫోను ఎత్తే డాక్టరు వుండాలి. ఏ మందు అతను వేయొచ్చో, ఏది వేయకూడదో గీత గీసి చెప్పాలి. అతని కష్టానికి కూలీ గిట్టాలి, మందులు ఆగకుండా అందాలి. లేకపోతే శిక్షణ ఇచ్చిన ఏడాదికే సంచీ అటక ఎక్కుతుంది. నేర్పేటప్పుడు అతన్నే కాదు, ఆమెనూ పిలవాలి. డాక్టర్లకు దీనివల్ల చిన్నతనం లేదు. అఫార్ కాపరి చేతిలో టీకా పెట్టింది డాక్టరే గదా!

గొర్రెల పారుడురోగం మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. అది ముసరకు చెల్లెలు వరస. దాన్ని కూడా 2030 నాటికి ప్రపంచంలో లేకుండా చేయాలని పూనుకున్నారు. టీకా మన దగ్గరే తయారవుతోంది. పని జరిగేది మాత్రం ఇలాంటి గట్ల మీదే, ఇలాంటి మందల్లోనే.

లేవబోతుంటే ఆమె అడిగింది. "వానలకు ముందు ఏసే సూది ఎప్పుడిస్తారమ్మా? అప్పటికి మేం మా వూరు పోయే దారిలో వుంటాం" అంది.

మా ఇంట్లో అమ్మమ్మ నోట రాకుండా మిగిలిపోయిన ప్రశ్న అదే. తెలిసినవాళ్ళను అడిగి, మందలు నడిచే దారి పొడుగునా ఏ నెలలో ఏ సూది వేయించాలో, ఏ వూళ్ళో అడగాలో కాగితం మీద రాసి మర్నాడు తీసుకెళ్ళాను. చేలో నల్లటి పెంటికలు, కంచె గుంజల గుంటలు కనిపించాయి. మంద తెల్లవారకముందే లేచి వెళ్ళిపోయింది.

కాగితం నా సంచిలోనే వుంది. ఈ ఏడు కోతలయ్యాక మళ్ళీ వస్తారు. ఈసారి నేను ముందే వెళ్ళి కూర్చుంటాను.